ఏజెన్సీయా, మన్యమా?

సందేహం: పాడేరు, అరకు 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అయినా పత్రికలు ‘విశాఖ ఏజెన్సీ’ అనే రాస్తున్నాయి. కొందరు ‘మన్యం’ అంటారు, ‘మాన్యం’ అని రాసేవాళ్లూ ఉన్నారు. ‘ఏజెన్సీ’ తెల్లదొరలు పెట్టిన పేరే కదా, దాన్ని వదిలేసి ‘మన్యం’ అనాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ‘మాన్యం’ సంగతి ఒక్క ముక్కలో తేలిపోతుంది. గుడికో, గ్రామ సేవకుడికో పన్ను లేకుండానో తక్కువ పన్నుతోనో ఇచ్చిన ఇనాం భూమి మాన్యం. కొండసీమ మన్యం. అక్కడ దీర్ఘం పెడితే తప్పే.

‘ఏజెన్సీ’కి మాత్రం పెద్ద కథే ఉంది. అది ఒక అధికారి హోదాలోంచి పుట్టిన మాట. 1830లలో పాలకొండ, పర్లాకిమిడి వైపు జమీందారీల్లో తిరుగుబాట్లు రేగాయి. 1839లో కంపెనీ సర్కారు 24వ చట్టం తెచ్చి, గంజాం, విశాఖ కొండప్రాంతాలను మామూలు కోర్టుల పరిధిలోంచి తప్పించింది. సివిలు తగాదాలు, క్రిమినలు కేసులు, శిస్తు వసూలు అన్నీ కలెక్టరు చేతిలో పెట్టింది. ఆ పని చూసేటప్పుడు ఆయన ‘గవర్నరు ఏజెంటు’. ఏజెంటు ఏలే నేల ఏజెన్సీ అయింది. కొండమీది మనిషికి శిస్తు అడిగేదీ తీర్పు చెప్పేదీ ఒకే దొర అన్నమాట.

తర్వాత చట్టాల్లో పేర్లు మారాయి. 1874లో ‘షెడ్యూల్డ్ జిల్లాలు’, 1935లో ‘పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు’ అన్నారు. మన రాజ్యాంగం 395వ అధికరణంతో ఆ 1935 చట్టాన్ని రద్దు చేస్తూనే, 372వ అధికరణంతో మిగిలిన పాత చట్టాలను కొనసాగనిచ్చింది. పాలన ఒక్కపూటైనా ఆగకూడదు కదా. కొండప్రాంతాలకు రాజ్యాంగంలో అయిదో షెడ్యూలు వచ్చింది. దాని కిందికి వచ్చినవే ‘షెడ్యూల్డ్ ప్రాంతాలు’. మామూలు చట్టాలను అక్కడ ఆపే, మార్చే అధికారం గవర్నరుకే మిగిలింది.

గిరిజనుల భూమి బయటివాళ్లకు పోకుండా 1917లో మద్రాసు ప్రభుత్వం చేసిన చట్టం కూడా అలాగే కొనసాగి, 1959లో రెగ్యులేషన్‌గా మారింది. 1970 సవరణతో ఇంకా బిగిసింది. జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనేది దాన్నే. అసెంబ్లీ చేసింది కాదు, గవర్నరు చేసింది కనుక కాగితం మీద అది ‘రెగ్యులేషన్’. మాటల్లో ‘1/70 చట్టం’ అంటే తప్పేమీ లేదు. అందులో భూమి చేతులు మారిన ఫిర్యాదు వినే అధికారుల్లో మొదటి పేరు ‘ఏజెంటు’! 1839 నాటి హోదా అలా నిలిచిపోయింది. అనంతగిరి మండలం బొర్రా దగ్గరి గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో తీర్పిస్తూ, గిరిజనేతరులకు భూమి ఇవ్వకూడదన్న ఈ నిషేధం ప్రభుత్వానికీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది.

అందుకే ‘ఏజెన్సీ’ని వదలమని నేననను. చట్టంలోనూ ఉంది, జనం నోటా ఉంది. నేల గురించీ మనుషుల గురించీ రాసేటప్పుడు ‘మన్యం’ హాయిగా వాడండి. పాత సంగతులు చెప్పేటప్పుడు ‘విశాఖ ఏజెన్సీ’ అనవచ్చు గానీ, ఈనాటి వార్తలో ‘పాడేరు ఏజెన్సీ’ అనడం మేలు. జిల్లా మారినా షెడ్యూల్డ్ ప్రాంతమన్న హోదా మారదు. అది రాష్ట్రపతి ఉత్తర్వుతో వచ్చింది.

హక్కుల ప్రస్తావన వస్తే మాత్రం ‘షెడ్యూల్డ్ ప్రాంతం’ అనే రాయాలి. ఇక్కడ నేను పట్టుబడతాను. రావికమతం, గొలుగొండ, దేవరాపల్లి మండలాల్లో కొండలనానుకుని ఎన్నో గిరిజన గూడేలున్నాయి. వాటిలో చాలావాటికి అయిదో షెడ్యూలు లేదు, 1/70 లేదు. తమ ఊళ్లను షెడ్యూల్డ్ ప్రాంతంలో చేర్చమని అక్కడివాళ్లు ఏళ్లుగా అడుగుతున్నారు. అలాంటి ఊరిని విలేఖరి ‘ఏజెన్సీ గ్రామం’ అని రాసేస్తే, వాళ్లు అడుగుతున్న రక్షణ ఎప్పుడో అందిందని చదివేవాళ్లు అనుకుంటారు. ‘నాన్ షెడ్యూల్డ్ గిరిజన గ్రామం’ అని రాయండి. పలకడానికి కాస్త బరువే, అయినా అదే నిజం.