పడవల కోసం రేకుల షెడ్డు వేస్తే పర్మిషన్ కావాలా?

సందేహం: మాది గుంటూరు జిల్లా కొల్లిపర మండలం. కరకట్టకు ఇవతల మా నాన్నగారి నుంచి వచ్చిన 70 సెంట్ల అరటి తోట ఉంది, పాస్‌బుక్ నా పేరు మీదే ఉంది. నాకూ మా బావకూ కలిపి ఇంజిన్ ఉన్న ఫైబర్ పడవలు మూడు, నాటు పడవ ఒకటి ఉన్నాయి. 2024 వరదలో ఇంకో పడవ కొట్టుకుపోయింది. అందుకని ఇనుప స్తంభాలు, రేకులతో 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవున షెడ్డు వేసి, వానాకాలం పడవలన్నీ అందులో పెడదామనుకుంటున్నాం. ఊళ్లో మరో నలుగురు కూడా నెలకింత అని అద్దె ఇచ్చి తమ పడవలు పెట్టుకుంటామంటున్నారు. షెడ్డు వేసే ఆయన మాత్రం "నట్లూ బోల్టులతో బిగించేదే కదా, తాత్కాలికం, పర్మిషన్ అక్కర్లేదు" అంటూ అడ్వాన్సు అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నాడని అనను. ఊళ్లలో ఇలాంటి షెడ్లు ఎన్నో వేసి ఉంటాడు, ఎవరూ వచ్చి అడగలేదు కాబట్టి అక్కర్లేదనే అనుకుంటున్నాడు. కానీ రేపు నోటీసు వస్తే అది వచ్చేది మీ పేరు మీద, ఆయన పేరు మీద కాదు.

మన పంచాయతీరాజ్ చట్టం, 1994 ప్రకారం షెడ్డు కూడా భవనమే. ఇటుకతో కట్టారా, మట్టితోనా, చెక్కతోనా, ఇనుముతోనా అన్న తేడా లేదు. అందులో షెడ్లకు ఇచ్చిన మినహాయింపు ఒక్కటే, వ్యవసాయ భూమిలో వేసుకునే పశువుల కొట్టం. మీ పడవలకు కొమ్ములు లేవు కాబట్టి అది మీకు వర్తించదు. నట్లు విప్పి లారీలో ఎక్కించుకుపోవచ్చన్న వాదన నేను కోర్టులో చాలాసార్లు విన్నాను, కాంక్రీటు పునాదిలో స్తంభం దిగాక ఆ వాదనకు బలం ఉండదు. కాబట్టి పంచాయతీ అనుమతి తప్పదు. మీ ఊరు సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) పరిధిలో ఉంటే వాళ్ల ప్లాన్ అనుమతి కూడా కావాలి, దానికన్నా ముందు మీ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి, ఎందుకంటే వ్యవసాయ పరిరక్షణ జోన్‌లో ఉంటే పడవల గోడౌన్ లాంటి వాటికి దారి దాదాపు మూసుకుపోయినట్టే.

అనుమతి సంగతి సరే, తిరిగితే తెచ్చుకోవచ్చు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది "కరకట్టకు ఇవతల" అన్న మాట. ఎవరి వైపు నుంచి ఇవతల? ఊరి వైపా, నది వైపా? కరకట్టకూ నదికీ మధ్యలో అయితే ఈ ఆలోచన ఇక్కడితో మానుకోండి, మిగతాది చదవాల్సిన పని కూడా లేదు. ఊరి వైపే అయినా దూరం చూసుకోవాలి. 2017 నాటి రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం మున్సిపాలిటీ పరిధి బయట నది హద్దు నుంచి 100 మీటర్ల లోపు, మున్సిపాలిటీ లోపల అయితే 50 మీటర్ల లోపు కట్టడం కుదరదు. ఆ నది హద్దు అంటే మే నెలలో నీళ్లు ఎక్కడి వరకు ఉన్నాయో అక్కడ కాదు, ఇరిగేషన్ వాళ్లూ రెవెన్యూ వాళ్లూ నిర్ణయించి ధ్రువీకరించిన గీత. మీరు టేపు పట్టుకుని నీటి అంచు నుంచి కొలిచి "నూట ఇరవై వచ్చింది సార్" అంటే ఎవరూ ఒప్పుకోరు. పైగా మీది డెల్టా ప్రాంతం, పక్కన పంట కాలువో మురుగు కాలువో ఉండకుండా ఉండదు. పది మీటర్ల కన్నా వెడల్పైన కాలువ అయితే దాని హద్దు నుంచి 9 మీటర్లు, అంతకు తక్కువ వెడల్పుదైతే 2 మీటర్లు వదలాలి.

ఊరవతల ఎవరు చూస్తారులే అనిపిస్తే ఉండవల్లి కరకట్ట సంగతి గుర్తు తెచ్చుకోండి. ప్రభుత్వమే కట్టుకున్న ప్రజావేదిక అనే సమావేశ మందిరాన్ని 2019 జూన్‌లో అక్రమ కట్టడమని కూల్చేశారు. రాజకీయం పక్కన పెట్టండి, నది ఒడ్డున కట్టిన దాని మీద ఎప్పుడైనా వేలు పెట్టొచ్చని దాంతో అర్థమైంది. "తర్వాత బీపీఎస్ (భవనాల క్రమబద్ధీకరణ పథకం)లో డబ్బు కట్టి రెగ్యులరైజ్ చేయించుకుంటా" అనేవాళ్లూ ఉన్నారు. ఆ స్కీములకు కటాఫ్ తేదీ ఉంటుంది, చెరువుల్లో నదుల్లో కట్టినవి వాటిలోకి రావు.

ఇంకొకటి, నాన్నగారికి ఆ భూమి ఎలా వచ్చింది? కొన్నదా, తాతల నాటిదా, ప్రభుత్వం ఇచ్చిన డీ పట్టానా? నది పక్కన, ముఖ్యంగా లంకల దగ్గర, సాగు కోసం ఇచ్చిన అసైన్డ్ భూములు బోలెడున్నాయి. పాస్‌బుక్ మీ పేరు మీద ఉన్నంత మాత్రాన అది పట్టా భూమి అయిపోదు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకాలను ఆపుతుంది, దానికి తోడు సాగుకే వాడాలన్న షరతు పట్టాలోనే ఉంటుంది, షెడ్డు వేసి అద్దెకిస్తే ఆ షరతు తప్పినట్టే. అమ్మకాల ఆంక్షలు సడలిస్తూ 2023లో సవరణ వచ్చింది కదా అని మీకు మీరే తేల్చుకోకండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో చూడండి, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పటం) కాపీ తీయించండి, సర్వేయరు చేత హద్దు రాళ్లు చూపించుకోండి. మీ తోట అంచున రెండు సెంట్లు డొంకలోకో పోరంబోకులోకో జరిగి ఉంటే, షెడ్డు స్తంభం సరిగ్గా అక్కడే పడితే, 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు ఏడో సెక్షన్ నోటీసిచ్చి ఆరో సెక్షన్ కింద తీయించేస్తారు, సివిల్ కోర్టులో ఏళ్ల తరబడి నడిచే పని అది కాదు.

సాగు భూమిని వేరే పనికి వాడటం గురించి మీకు పాత సలహాలే ఎక్కువ వినిపిస్తాయి, మీసేవలో నాలా (సాగు భూమిని వేరే వాడకానికి మార్చే రుసుము) కట్టెయ్ అయిపోతుంది అని. ఆ 2006 నాటి నాలా చట్టాన్ని 2025లో రద్దు చేశారు, ఇప్పుడు ప్లాన్ అనుమతితో పాటే అభివృద్ధి రుసుము వసూలు చేస్తున్నారు. 40 బై 60 అంటే ఐదున్నర సెంట్లు. దాని చుట్టూ వదలాల్సిన ఖాళీ, పడవ ట్రెయిలర్ తిరిగే బాట కలిపి ఎంత కావాలో అంతే ప్లాన్‌లో చూపించండి, 70 సెంట్లూ చూపించి అరటి తోటకు కూడా డబ్బు కట్టకండి.

బాట అన్నాను కాబట్టి, ట్రెయిలర్ వెళ్లేది ఎవరి చేను మీదుగా? ఎరువుల బస్తా మోసుకెళ్లడానికి ఊరుకున్న పక్క రైతు, ఇరవై అడుగుల పడవను ట్రాక్టరుతో లాక్కెళ్తుంటే ఊరుకోడు. రాతపూర్వకంగా దారి హక్కు రాయించుకుని రిజిస్టర్ చేయించుకోండి. పడవను నదిలోకి దించడానికి కరకట్టను చెక్కి ర్యాంపు వేసే ఆలోచన ఉంటే మాత్రం వెంటనే వదిలెయ్యండి. గట్టు జలవనరుల శాఖది, వాళ్ల అనుమతి లేకుండా పార పెడితే క్రిమినల్ కేసు దాకా పోతుంది, వరదలో అక్కడే గండి పడితే ఊరంతా మీ ఇంటి ముందుకొస్తుంది.

కరెంటు విషయంలో చాలామంది ఇరుక్కుంటారు. తోటలో మోటారుకు ఉచిత కరెంటు ఉంది కదా, అక్కడి నుంచి ఒక వైరు లాగి రెండు లైట్లు, ఒక వెల్డింగ్ మిషన్ అనుకుంటారు. విద్యుత్ చట్టం, 2003 సెక్షన్ 126 కింద అనుమతించిన పనికి కాక వేరే పనికి వాడితే టారిఫ్‌కు రెండింతలు కట్టమంటారు, ఎప్పటి నుంచి వాడారో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్కేస్తారు. అప్పీలుకు వెళ్లాలన్నా 30 రోజుల్లో, కట్టమన్న మొత్తంలో సగం ముందే కట్టి వెళ్లాలి. వేరే మీటరు తీసుకోండి. షెడ్డు మీదుగా 11 కేవీ లైను పోతుంటే పైన 3.7 మీటర్లు, పక్కన 1.2 మీటర్లు ఎడం ఉండాలి, షెడ్డు ఎత్తు తేల్చేటప్పుడు ఇది మర్చిపోతారు. ఇంజిన్ల కోసం పెట్రోలు నిల్వ పెడితే లైసెన్సు లేకుండా 30 లీటర్లు దాటకూడదు, డీజిల్‌కు అయితే పరిమితి చాలా ఎక్కువ.

షెడ్డు వేసే ఆయనతో ఒప్పందం కాగితం మీద రాసుకోండి. ఇనుము మందం, రేకు గేజి, ఎప్పటికి పూర్తి చేస్తాడు, ఏ దశకు ఎంత డబ్బు, ఇవన్నీ ఉండాలి. నేను పట్టుబట్టేది స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం గురించి. కట్టడాలు ఎంత గాలిని తట్టుకోవాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకు చూపిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. పడవలు లోపలికి రావాలని ఒకవైపు తెరిచి ఉంచుతారు, తుపాను గాలి అందులోంచి దూరి రేకుల్ని పైకెత్తుతుంది. అవి లేచిపోయి ఎవరి మీదైనా పడితే, ఇంజినీరు డిజైన్ లేకుండా వేయించుకున్నందుకు నిర్లక్ష్యం మీదే అంటారు. సంతకం ఉన్న డ్రాయింగు పర్మిషన్‌కూ పనికొస్తుంది, తర్వాత పని నాసిరకంగా ఉంటే ఆయన మీద కేసుకూ పనికొస్తుంది.

ఇక అద్దె. మీ పడవలు పెట్టుకోవడం ఒక ఎత్తు, నలుగురి పడవలు డబ్బు తీసుకుని పెట్టుకోవడం ఇంకో ఎత్తు. తాళం మీ దగ్గరుండి వాళ్ల పడవ మీకు అప్పగిస్తే కాంట్రాక్టు చట్టం దాన్ని బెయిల్‌మెంట్ (ఒకరి వస్తువు ఇంకొకరికి అప్పగించడం) అంటుంది, మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత పడవను ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో వాళ్లదీ అంత జాగ్రత్తగా చూడాలి. అలా చూశాక కూడా వరదకు పోతే సెక్షన్ 152 మిమ్మల్ని కాపాడుతుంది. అయితే అద్దె బాకీ పడ్డాడని పడవ ఇవ్వకుండా ఆపేయొచ్చని మీరు అనుకుంటారేమో, రాతలో ఆ షరతు లేకపోతే కుదరకపోవచ్చు. అలాంటి హక్కు చట్టం బ్యాంకర్లు, రేవు యజమానులు, లాయర్లు లాంటి కొందరికే ఇచ్చింది, షెడ్డు ఓనరుకు ఇవ్వలేదు. అందుకని ఒక పేజీ కాగితమైనా రాయించండి, అందులో పడవ రిజిస్ట్రేషన్ కాపీ జత చేయించండి. 2021 నాటి అంతర్గత నౌకల చట్టం కింద ఇంజిన్ పడవకు రిజిస్ట్రేషన్, సర్వే సర్టిఫికెట్, బీమా ఉండాలి. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో పడవలు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్ వెయిట్లను (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను) ఢీకొట్టాక కేసులు పెట్టారు, అరెస్టులు జరిగాయి. అప్పుడు పోలీసులు మొదట వెతికింది ఆ పడవలు ఎవరివి అనే. కాగితాలు లేని పడవ మీ షెడ్డులో దొరికితే జవాబు చెప్పాల్సింది మీరు.

బావగారు సగం డబ్బు పెడుతున్నారా? ఉత్తరంలో రాయలేదు. పెడుతుంటే, భూమి మీది కాబట్టి భూమిలో పాతిన షెడ్డు కూడా మీదే అనే వాదన ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఇప్పుడే ఇద్దరూ సంతకం పెట్టి వాటాలు రాసుకోండి. ఎఫ్ఎంబీ కాపీ, ఈసీ (భూమి మీద ఉన్న లావాదేవీల ధ్రువపత్రం) తీసి, కరకట్టకు ఏ వైపో చెప్తూ మళ్లీ రాయండి. నది హద్దు కోసం జలవనరుల శాఖకు ఇచ్చే అర్జీ ఎలా ఉండాలో అప్పుడు చెప్తాను, ఆ జవాబు చేతికొచ్చాకే అడ్వాన్సు మాట.