జాలిప్యే ఇళ్ళ మీది పూలు: మసి కథ సగమే నిజం

"పోలండ్‌లో జాలిప్యే అనే ఊళ్ళో మసి కనపడకుండా ఇళ్ళన్నిటికీ పూలు వేస్తారట, నిజమేనా? ఎప్పుడు వెళ్ళాలి?" అని అడిగారు.

ఇళ్ళన్నిటికీ కాదు, కొన్నిటికే. అవి కూడా పొలాల మధ్య దూరందూరంగా ఉంటాయి. వీధి పొడుగునా రంగులే అనుకుని వెళ్తే ఉసూరుమంటారు.

మసి మాట సగం నిజం. ఒకప్పుడు అక్కడి పొయ్యిలకి పొగగొట్టాల్లేవు. గోడలు నల్లబడితే ఆడవాళ్ళు పండగ ముందు సున్నంతో మచ్చలు అద్దేవారు. అవి పూలు కావు, ఉత్త మచ్చలే. 19వ శతాబ్దం చివర్లో పొగగొట్టాలొచ్చి, వేసిన వెల్ల తెల్లగా నిలవడం మొదలయ్యాకే పూలు విరగబూశాయి. మసి దాచడానికే అయితే మసి పోయాక మానెయ్యాలిగా! ట్రావెల్ వ్యాసాలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి ఎక్కించుకున్న ముక్క ఇది.

పాత పద్ధతిలో నలుపుకి మసి, ఎరుపుకీ పసుపుకీ మట్టి. తర్వాత పొడి రంగులొచ్చాయి, వాటిని వెన్న తీసిన పాలతో కలిపేవారు. వెన్న తీయడం పిసినారితనం కాదు. గోడని పట్టుకునేది పాలలోని కేసీన్ అనే ప్రోటీన్. కొవ్వుంటే పట్టు సడలుతుంది. కుంచె అంటే పుల్లకి కట్టిన ఆవు తోక వెంట్రుకలు, లేదా కొస నలగ్గొట్టిన పుల్ల. వెల్ల పూర్తిగా ఆరకముందే రంగు పెడితే సున్నం ఘాటుకి కొన్ని రంగులు చెడతాయి. ప్రష్యన్ బ్లూ గోధుమ రంగుకి తిరుగుతుంది, అల్ట్రామెరైన్ మాత్రం తట్టుకుంటుంది. పాల రంగు బయటి గోడ మీద వేస్తే గట్టి వానలకి కారిపోతుంది. ఇప్పుడు బయట షాపు పెయింటే. "అసలు కళ పోయింది" అని వాపోయేవాళ్ళు ఏటా నిచ్చెనెక్కి ఆ గోడ మళ్ళీ వేసి చూడాలి.

ఈ కళ నిలబడింది మసి వల్ల కాదు, పోటీ వల్ల. 'మాలోవానా హాతా', అంటే రంగులేసిన గుడిసె, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మూడేళ్ళకి 1948లో మొదలైంది. 1965 నుంచి ఏటా జరుగుతోంది. కార్పస్ క్రిస్టి అనే క్యాథలిక్ పండగ గురువారం, పోటీ ఆ వారాంతంలో. న్యాయనిర్ణేతలు ఇల్లిల్లూ తిరుగుతారు కాబట్టి పండగకి ముందే గోడలు కొత్తబడతాయి. పొరుగింటావిడ బావికి కూడా పూలు వేసిందంటే ఈవిడ కుక్క గూటినీ వదలదు.

అందుకే పోటీ అయిన వెంటనే వెళ్ళండి. ఈస్టర్ తేదీకి 60 రోజులు కలిపితే ఆ గురువారం వస్తుంది, మే చివర్లోనో జూన్‌లోనో. తార్నోవ్ దాకా రైలు, అక్కడి నుంచి ఉత్తరానికి సుమారు 30 కిలోమీటర్లు. కారుంటే సుఖం. ముందు ఫెలిత్సియా త్సురివోవా ఇల్లు చూడండి. ఈ ఊరి పేరు బయటికి తెచ్చిన చిత్రకారిణి ఆవిడే; 1974లో పోయాక ఇంటిని మ్యూజియం చేశారు. పొయ్యి మీద కూడా పూలే. తర్వాత 'దోమ్ మాలారెక్', చిత్రకారిణుల ఇల్లు. మిగతావి జనం కాపురముండే ఇళ్ళు, అడక్కుండా గేటు తియ్యకండి. సెయింట్ జోసెఫ్ చర్చి లోపలా ఇవే పూలు, చాలామంది చూడకుండానే వెనక్కొచ్చేస్తారు.