బకెట్లోంచి దూకే చేపకు జబ్బు లేదండీ

విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ల గుంటలో మీ అబ్బాయి పట్టుకొచ్చిన చేప రెండు రాత్రులుగా బకెట్లోంచి దూకేస్తోందని, జబ్బేమోనని టెన్షన్ పడుతున్నారు. జబ్బు కాదు, దాని అలవాటే అంత.

మీరనుకున్నట్టు అది మడ్‌స్కిప్పర్ కాదు. మడ్‌స్కిప్పరైతే కోరింగ మడ అడవుల్లాంటి చోట బురద మీద తిరిగే రకం. మీ ఫోటోలో వీపు రెక్క తల వెనక నుంచి దాదాపు తోక దాకా ఒకటే సాగింది, కళ్ల పైన చిన్న కుచ్చులు. ఇది బ్లెన్నీ అనే రాళ్ల గుంటల చేప. పొలుసులుండవు, చేత్తో పడితే సబ్బుముక్కలా జారిపోతుంది. ఈ దూకే రకాలు ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతో కూడా ఊపిరి తీసుకుంటాయి, అందుకే నేలమీద పడ్డా బతికింది. దువ్వెనలాంటి పళ్లతో రాతి మీది నాచు గీక్కుని తింటుంది. పాపం, మీరు వేస్తున్న మరమరాలు దానికెందుకు!

కుళాయి నీళ్లలో వంట ఉప్పు కలపడం మాత్రం వెంటనే ఆపండి. సముద్రపు నీళ్లంటే ఒక్క ఉప్పే కాదు, పైగా కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. ఒక క్యాన్ సముద్రపు నీళ్లు తెచ్చి, మూతకు చిల్లులున్న డబ్బాలో కొద్దిగా పోసి చేపను అందులోకి మార్చండి. నీళ్లు వెనక్కి తగ్గే ఆటు వేళ చూసుకుని, పట్టిన గుంటలోనే వదిలేయండి. చెప్పులు గ్రిప్ ఉన్నవి వేసుకోండి, ఆ నాచు మీద నేనో సారి పడ్డాను.