ఎల్క్ వేటకు అద్దె బండి

ప్రశ్న: న్యూజెర్సీ నుంచి డెన్వర్‌కు విమానంలో వెళ్లి, అక్టోబరులో ముగ్గురం కొలరాడో కొండల్లో ఎల్క్ (ఒక రకం పెద్ద జింక) వేట పెట్టుకున్నాం. ఎయిర్‌పోర్టులో మామూలు ఎస్‌యూవీ తీసుకుంటే చాలదా?

జవాబు: వెళ్లేటప్పుడు చాలుతుందండీ, ఇబ్బందల్లా వచ్చేటప్పుడే. పెద్ద మగ ఎల్క్‌కు ఎముకలు తీసేశాక కూడా 80, 90 కిలోల మాంసం మిగులుతుంది. దానికి వంద క్వార్టుల (దాదాపు 95 లీటర్ల) ఐస్ పెట్టెలు రెండైనా కావాలి. ఒక్కో తుపాకీ పెట్టె నాలుగడుగుల పైమాటే. కాబట్టి వెనక తొట్టి ఉండే నాలుగు తలుపుల పికప్ అడగండి.

బుకింగ్‌లో 'లేదా అలాంటిదే' అని ఉంటే రెండు చక్రాలకే ఇంజిన్ శక్తి అందే టూ వీల్ డ్రైవ్ బండి అంటగట్టవచ్చు. తాళం తీసుకునే ముందే లోపల కూర్చుని 4హెచ్, 4ఎల్ (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే హై, లో గేర్లు) మీట ఉందో లేదో చూడండి. 4ఎల్ లేని బండి నిటారు బురద దారిలో మొరాయిస్తుంది. తర్వాత టైర్లు. డెన్వర్ నుంచి కొండల్లోకి వెళ్లే ఐ-70 హైవే మీద మోరిసన్, డాట్సెరో ఊళ్ల మధ్య సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ఫోర్ వీల్ డ్రైవ్ బండికైనా టైర్లకు కనీసం 3/16 అంగుళం గాడి లోతు ఉండాలి. స్పేర్ టైరు కళ్లారా చూడండి. గాలి కొట్టే కిట్ మాత్రమే ఇస్తే, రాయి తగిలి టైరు పక్క చిరిగినప్పుడు అది ఎందుకూ పనికిరాదు.

అసలు మెలిక ఒప్పందంలో ఉంది. చాలా కంపెనీలు మట్టి రోడ్డెక్కితే బీమా చెల్లదంటాయి. అడవి రోడ్లకు ఒప్పుకునే స్థానిక అద్దె సంస్థను వెతికి, ఆ అనుమతి కాగితం మీద రాయించుకోండి. తొట్టిలో మందపాటి టార్పాలిన్ పరవండి, నెత్తుటి మరకలకు క్లీనింగ్ ఛార్జీ గట్టిగానే వేస్తారు.