అక్క దగ్గర డబ్బు తీసుకోవడం ముందు ఆపు

ప్రశ్న: మాది నల్గొండ జిల్లా. హైదరాబాద్ శివార్లలో బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో మ్యాథ్స్, కెమిస్ట్రీ, సీ ప్రోగ్రామింగ్ పోయాయి. అన్నీ పాసయ్యానని నాన్నతో చెప్పాను. రీవాల్యుయేషన్ ఫీజు, హాస్టల్ బాకీ అక్క పంపింది. ఈ బ్రాంచి నాకు సరిపడదేమో అనిపిస్తోంది. మానేసి మళ్ళీ ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) రాయమంటారా?

జవాబు: మానేయకు. ఏ బ్రాంచిలో చేరినా మొదటి ఏడాది మ్యాథ్సూ ప్రోగ్రామింగూ దాదాపు నీ వెంటే వస్తాయి. పైగా ఇంటర్ మెమో, టీసీ కోసం కాలేజీ చుట్టూ తిరగాలి, ఇంకో ఏడాది హాస్టల్ ఖర్చు నాన్న నెత్తిన పడుతుంది. బ్రాంచి మాట ఇంతటితో వదిలెయ్.

నీ ఉత్తరంలో నాకు గుచ్చుకున్నది వేరే ఉంది. "అక్కకి పెళ్ళయి తొమ్మిది నెలలు. బావ ఇంటి ఖర్చుకి ఇచ్చేదాంట్లో మిగిల్చి ఇప్పటికి 11,000 పంపింది. ఆయనకి తెలీదు. ఆయన డ్యూటీకి వెళ్ళాకే ఫోన్ చేస్తాను" అని మామూలు సంగతి చెప్పినట్టు రాసేసి ముందుకెళ్ళిపోయావు. నువ్వు తప్పిన మూడు సబ్జెక్టుల కన్నా ఇది పెద్దది. కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్లకి అత్తింట్లో ఉన్న బలమల్లా నమ్మకమే. ఫోన్‌పేలో ప్రతి పైసా పేరుతో, తేదీతో సహా కనిపిస్తుంది. ఏదో ఒకరోజు కరెంటు బిల్లు కట్టడానికి బావ ఆ ఫోన్ అందుకుంటాడు, నీ పేరు వరసగా కనబడుతుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో నీ సప్లీల గురించి ఎవరూ మాట్లాడరు. "ఇంట్లో సొమ్ము పుట్టింటికి చేరేస్తోంది" అనే మాట పడుతుంది. సప్లీ రాస్తే నీ బ్యాక్‌లాగ్ పోతుంది. ఆ మాట మాత్రం మీ అక్క ఏళ్ళ తరబడి మోయాలి.

తమ్ముడి చదువుకి అక్క సాయం చేయడం తప్పని నేను ఎన్నడూ అనను. భర్తకి చెప్పి చేస్తే ఇద్దరి గౌరవమూ నిలుస్తుంది. చాటుగా చేయాల్సి వచ్చిందంటే కారణం నువ్వు నాన్నకి మొహం చాటేయడమే. ఆమె పెళ్ళికి చేసిన అప్పు ఇంకా తీరలేదని కూడా రాశావు. ఆ అప్పు మోస్తున్న మనిషి దగ్గర నిజం దాచడానికి ఆ కూతురి చేతే ఖర్చు పెట్టిస్తున్నావు. ఇది ఈ వారమే ఆగాలి.

ముందు అక్కకి ఫోన్ చెయ్. "శనివారం ఊరెళ్ళి నాన్నకి అంతా చెప్పేస్తున్నా, ఇక డబ్బు పంపొద్దు. ఈలోపు బావకి నువ్వే చెప్పు" అను. బావకి ఆమె నోటితోనే తెలియాలి. ఇలాంటి చోట చెడేది ఎక్కడంటే, కోపంలో నాన్న నేరుగా అల్లుడికి ఫోన్ కొట్టేస్తాడు. అందుకే అక్కకి రెండు రోజుల వ్యవధి ఇచ్చి, ఆమె చెప్పేశానన్నాకే బస్సెక్కు. ఇకమీదట బావ ఇంట్లో ఉన్నప్పుడే ఫోన్ చెయ్, ఆయనతోనూ మాట్లాడు.

నాన్నకి అమ్మ చేత చెప్పించకు. చిన్నాన్నలు, పక్కింటివాళ్ళు ఉన్నప్పుడు ఎత్తకు. రాత్రి అన్నాలయ్యాక మార్కుల మెమో ప్రింటు ఆయన చేతిలో పెట్టి మూడు ముక్కలు చెప్పు: మూడు సబ్జెక్టులు ఫెయిలయ్యాను, నీకు అబద్ధం చెప్పాను, అక్క దగ్గర 11,000 తీసుకున్నాను. లెక్చరర్లు సరిగ్గా చెప్పరు, ఇంగ్లీషు అర్థం కాదు అన్న సంజాయిషీలు వీటికి ముందు రాకూడదు. తిడతాడు. ఒకటి రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. ఎదురు చెప్పకు, లేచి వెళ్ళిపోకు. పత్తి పోయిన ఏడాది కూడా మళ్ళీ విత్తనాలు కొన్న మనిషి, నష్టాన్ని లెక్కగట్టడం ఆయనకి నువ్వు నేర్పక్కర్లేదు. ఆ 11,000 అక్కకి తిరిగి చేరాలి. ఎప్పుడు, ఎలా అన్నది నాన్న తేలుస్తాడు. నీ వంతుగా, నెలకి 1,650 కిస్తీ కడుతున్న ఆ ఫోన్ అమ్మేసి మిగతా కిస్తీలు మూసెయ్, నీకు చవక ఫోన్ ఒకటి చాలు.

కోపం తగ్గాక ఆయన అడిగేది ఒక్కటే: "ఇప్పుడేం చేస్తావ్?" దానికి జవాబు సిద్ధంగా ఉండాలి. నీది జేఎన్‌టీయూహెచ్ ఆర్22 (ఆ యూనివర్సిటీ 2022లో తెచ్చిన నిబంధనలు) అన్నావు గనక లెక్క ఇలా చెప్పు. సబ్జెక్టుకి ఇంటర్నల్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ వేసేవి) 40, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్షవి) 60. పాసవడానికి ఇంటర్నల్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, రెండూ కలిపి 40 రావాలి. మ్యాథ్స్‌లో నీ ఇంటర్నల్ 24 ఉంది, సప్లీకి కూడా అదే వస్తుంది. ఎక్స్‌టర్నల్‌లో 13 దగ్గర ఆగావు, 21 తెచ్చుకుంటే గట్టెక్కుతావు. పార్ట్ ఏలో ఒక్క మార్కువి పది, పార్ట్ బీలో యూనిట్‌కొకటి చొప్పున పది మార్కులవి అయిదు, ప్రతిదాంట్లో రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. మొదటి రెండు యూనిట్లూ మాత్రికలే: ర్యాంకు, ఎచిలాన్ ఫారం, ఐగెన్ విలువలు, కేలీ-హామిల్టన్. ఇంటర్‌లో చేసినవాటి మీదే ఇవి నిలబడ్డాయి. ఇక్కడ మార్కులు ఎక్కువగా పోయేది పద్ధతి తెలీక కాదు, రో ఆపరేషన్ల మధ్యలో ఒక మైనస్ జారిపోవడం వల్ల. ఐగెన్ విలువలు వచ్చాక వాటిని కూడు. ఆ మొత్తం మాత్రిక ప్రధాన వికర్ణంలోని సంఖ్యల మొత్తానికి సరిపోవాలి, వాటి లబ్ధం డిటర్మినెంట్‌కి సరిపోవాలి. సరిపోకపోతే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. ఈ రెండు యూనిట్లకి తోడు పాక్షిక అవకలనాల (పార్షియల్ డెరివేటివ్స్) యూనిట్ పట్టుకో. రెండే నమ్ముకుని వెళ్ళకు, ఒక ప్రశ్న అడ్డం తిరిగితే మళ్ళీ అక్కడే ఉంటావు.

సీ ప్రోగ్రాంలు రికార్డులోంచి బట్టీ పట్టావని నువ్వే రాశావు. పరీక్షలో చిన్న మార్పు చేసి ఇచ్చినా బట్టీ పట్టింది పనికిరాదు. ఫర్ లూప్ ఉన్న ప్రోగ్రాం కాగితం మీద రాసుకుని పక్కన గడులు గీయి. ఐ విలువ 1 అయినప్పుడు సమ్ ఎంత, 2 అయినప్పుడు ఎంత అని చుట్టు చుట్టుకీ పెన్సిల్‌తో నింపు. ఆ తర్వాతే ల్యాబ్‌లో రన్ చేసి సరిచూసుకో. కెమిస్ట్రీకి ఇంత అక్కర్లేదు. నీటి కఠినత్వం లెక్కలు, బ్యాటరీలు, తుప్పు పట్టడం చూడకుండా రాయగలిగితే చాలు.

రెండో సంవత్సరంలోకి వెళ్ళాలంటే మొదటి ఏడాది 40 క్రెడిట్లలో (పాసైన సబ్జెక్టుకి వచ్చే పాయింట్లు) 20 ఉండాలి. నీ చేతిలో 9 ఉన్నాయి, ఇంకో 11 కావాలి. అంతకంటే ముందు నీ మెడ మీదున్నది హాజరు. 71 శాతం అన్నావు. 75 కంటే తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి మినహాయింపు అడుక్కోవాలి. 65 కంటే తగ్గితే డిటెండ్ చేస్తారు, సెమిస్టర్ మొత్తం మళ్ళీ చదవాలి. మొదటి పీరియడ్లు పోతున్నది రాత్రి రెండింటిదాకా రీల్స్ చూడటం వల్లే. ఇంటర్‌లో స్టడీ అవర్‌కి వార్డెన్ వెనక నిలబడితే చదివావు. ఇక్కడ ఎవరూ నిలబడరు. రాత్రి 7 నుంచి 9 దాకా ఫోన్ గదిలో వదిలేసి లైబ్రరీలో కూర్చో, రోజూ ఒక్క సబ్జెక్టే తియ్యి.

ఉద్యోగం సంగతి నాన్న అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. క్యాంపస్‌కి వచ్చే కంపెనీల్లో చాలావాటికి అప్పటికి బ్యాక్‌లాగ్ మిగిలి ఉండకూడదు. మొదటి ఏడాదివి మొదటి ఏడాదే పాసైపోయినవాడికి ఆ దారి మూసుకుపోదు.

ఈ సప్లీలు రెండో సెమిస్టర్ పరీక్షలతో పాటే వస్తాయి. రెండు నోటిఫికేషన్లు విడివిడిగా పడతాయి, ఒకటి చూసి రెండోది మర్చిపోయి లేట్ ఫీజు కట్టేవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. ఎగ్జామ్ బ్రాంచ్ నోటీసు బోర్డు వారానికోసారి చూడు. నోటిఫికేషన్ పడ్డ రోజే నాన్నకి ఫోన్ చేసి ఫీజు ఎంతో చెప్పు, ఆయన పంపిన డబ్బుతోనే కట్టు, రసీదు ఫొటో ఆయనకి పంపు.