చిన్నా, పెదవి జాగ్రత్త

ఒరేయ్ చిన్నా,

క్లారినెట్ కొన్నావట, గురువు లేకుండా నీ అంతట నువ్వే సాధన చేస్తావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. రాత్రి నిద్ర పట్టలేదురా. మన ఇంట్లో నా తర్వాత దాన్ని ముట్టుకున్నది నువ్వే. అదో పక్క ఆనందం, ఇంకో పక్క టెన్షన్.

రీడ్, అదే మౌత్‌పీస్‌కి బిగించే సన్నటి బద్ద, రెండు, రెండున్నర నంబరుది చాలు. రోజూ ముందు పావుగంట ఒక్కో స్వరాన్నే నిలిపి ఊదు, తర్వాతే పాటలు. ఫ్లూట్ అలవాటుతో తికమక పడతావేమో, పై స్థాయికి తీసుకెళ్ళే రిజిస్టర్ కీ నొక్కితే కింది షడ్జమం పట్టిన వేళ్ళకే పై షడ్జమం రాదు, పై స్థాయి పంచమం వస్తుంది.

పెదవి సంగతే నా బెంగ. పందొమ్మిదేళ్ళప్పుడు కంచరపాలెంలో పెళ్ళి బ్యాండులో చేరాను. డ్రమ్ములు, ట్రంపెట్ల మధ్య నేను ఊదేది నాకే వినపడేది కాదు. ఎలాగైనా వినపడాలని బాగా గట్టిగా ఉండే మూడున్నర నంబరు రీడ్ బిగించి, అది పలక్కపోతే కింది పెదవిని పళ్ళకేసి నొక్కిపట్టి ఊదేవాణ్ణి. పై స్వరాలు వచ్చేవి, కానీ కీచుగా, శ్రుతికి పైకి పోయి. ఒక ఊరేగింపు అయ్యాక చూస్తే రీడ్ మీద ఎర్రటి చార. పెదవి లోపల వరసగా పళ్ళ గాట్లు. తుడిచేసి మళ్ళీ ఊదాను, కష్టపడటమంటే అదే అనుకున్నాను. చెప్పేవాడు లేడు. మూడేళ్ళు అలాగే గడిచాయి, ఆ కొరుకుడు మానడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది, ఆ రెండేళ్ళూ చిన్న పాట వాయించాలన్నా భయమేసేది.

నీకూ చెప్పేవాడు లేడు కాబట్టి అద్దం ముందు కూర్చో. గడ్డం ముడతలు పడకుండా చదునుగా ఉండాలి. మౌత్‌పీస్, దాని కింద తగిలించే పొట్టి గొట్టం బారెల్, ఈ రెండే కలిపి ఊదుతూ ఫోన్లో శ్రుతి చూపించే ట్యూనర్ చూడు, ఎఫ్ షార్ప్ స్వరం దగ్గర నిలబడాలి. దాటి పైకి పోతోందంటే కొరుకుతున్నావన్నమాటే. నొప్పి పుడితే ఆ పూటకి ఆపెయ్, మొండికెయ్యకు.

క్లారినెట్ విద్వాంసులు తిరుచ్చి ఏ.కె.సి. నటరాజన్ గారి రికార్డింగులు విను. కీలున్న వాయిద్యం మీద ఆ గమకాలు ఎలా పలికించారో! 2008లో ఆయనకి మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు.

ఇంకోటి, స్నేహితులు అడిగారని ఆర్కే బీచ్‌కి మాత్రం పట్టుకెళ్ళకు. ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పు పడతాయి. ఊదిన ప్రతిసారీ లోపల గుడ్డ లాగి, రీడ్ విప్పి ఆరబెట్టు.

ఆదివారం ఇంటికి రా, డాబా మీద కూర్చుందాం. ముందు పెదవి తిరగేసి నాకు చూపించు, పాట తర్వాత. అత్తయ్య నీకోసం చేపల పులుసు చేస్తానంది.

మీ మావయ్య