చుట్టాలకు కీరా చుట్టలు

వంటింటి సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండాకాలం విందుల గురించి వచ్చిన ప్రశ్నల్లో ఈసారి ఎక్కువ భాగం ఒకే వంటకం మీద ఉన్నాయి. కీరాను పల్చటి పట్టీలుగా తీసి, లోపల చేప పెట్టి చుట్టే చిరుతిండి అది. పొయ్యి వెలిగించే పని లేదు, ఒక్కో చుట్ట నోట్లో ఒక్కసారికి సరిపోతుంది. చూడటానికి సులువే గానీ, తేడా వస్తే పళ్ళెం నీళ్ళపాలవుతుంది, లేదా కడుపు పాడవుతుంది. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడుగయ్యాయి.

ఇంటికి పదిహేను మంది వస్తున్నారు. స్మోక్డ్ సాల్మన్ (పొగబెట్టిన చేప) ప్యాకెట్లు దొరికాయి. ఎన్ని కొనాలి, కీరాలో ఎలా చుట్టాలి? – హైదరాబాద్ పాఠకురాలు

మనిషికి మూడు చొప్పున 45 చుట్టలు లెక్కేసుకోండి. 250 గ్రాముల సాల్మన్, 270 గ్రాముల క్రీమ్ చీజ్ కావాలి. అంటే ఒక్కో చుట్టలో చేప అయిదారు గ్రాములు, చీజ్ ఆరు గ్రాములు, సుమారు ఒక టీస్పూను. ప్లాస్టిక్ కవరు చుట్టి అమ్మే పొడుగాటి ఇంగ్లిష్ కీరా అయితే రెండు సరిపోతాయి, మూడోది అదనంగా పెట్టుకోండి. దాని పట్టీ ముప్పై సెంటీమీటర్ల దాకా వస్తుంది కాబట్టి సగానికి కోస్తే రెండు చుట్టలవుతాయి. మామూలు కీరా అయితే ఆరు కొనండి. కాయకు పనికొచ్చే పట్టీలు ఎనిమిది, పది కంటే ఎక్కువ రావు.

చేప గడ్డకట్టి ఉంటే ముందు రోజు రాత్రే ఫ్రిజ్‌లోకి దించాలి. గాలి తీసేసి మూసిన ప్యాకెట్ అయితే దించే ముందే ఒక అంచు కత్తిరించి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. గాలి తగలని చోటే పెరిగి విషం తయారుచేసే బోట్యులినమ్ అనే సూక్ష్మజీవి ఒకటుంది. దానిలో చేపలకు అంటుకునే రకం ఫ్రిజ్ చలిలోనూ నెమ్మదిగా పెరగగలదు. ప్యాకెట్‌ను అలాగే గట్టు మీద వదిలి కరిగించడం అన్నిటికంటే పెద్ద తప్పు.

పట్టీలకు కత్తి వద్దు, చెక్కు తీసే పీలరే వాడండి. కీరా రెండు కొనలు కోసి, గట్టు మీద పడుకోబెట్టి, ఒక కొన నుంచి రెండో కొన దాకా ఆపకుండా ఒకే ఒత్తిడితో లాగాలి. మధ్యలో ఆగితే అక్కడ మెట్టు పడి, చుట్టేటప్పుడు అక్కడే చిరుగుతుంది. మొదటి రెండూ ఉత్త తొక్కే వస్తాయి, పక్కన పెట్టేయండి. గింజలు కనపడగానే ఆపి, కాయను తిప్పి అవతలి వైపు మొదలుపెట్టండి. గింజల పట్టీ చుట్టడానికి నిలవదు. మిగిలిన నడిమి భాగాన్ని పెరుగుపచ్చడిలోకి తరుక్కోవచ్చు. పట్టీ మందం ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలి. రెండు దాటితే వంగక విరుగుతుంది, ఒకటికి తగ్గితే తడి కాగితంలా చేతికి అంటుకుపోతుంది.

పట్టీలను గుడ్డ మీద పరిచి, మొత్తానికి పావు టీస్పూనుకు మించకుండా మెత్తటి ఉప్పు పైనుంచి చల్లండి. పది నిమిషాల తర్వాత ఇంకో పొడి గుడ్డతో పైనుంచి అద్దండి, రుద్దకండి. పెళపెళలాడే పట్టీ అప్పటికి తోలు బెల్టులా వంగుతుంది. పావుగంట దాటితే మరీ వడలిపోయి ఉప్పగా అవుతుంది.

చీజ్‌ను ఇరవై నిమిషాల ముందు ఫ్రిజ్‌లోంచి తీయండి, గట్టిగా ఉంటే పూసేటప్పుడు పట్టీ చిరుగుతుంది. అందులో ఒక నిమ్మకాయ పై తొక్క తురుము, అర టీస్పూను మిరియాల పొడి, సన్నగా తరిగిన సోయికూర రెండు టేబుల్‌స్పూన్లు కలపండి. పాశ్చాత్యులు సాల్మన్‌కు జోడీగా వాడే డిల్ ఈ సోయికూరే. దొరక్కపోతే కొత్తిమీర కాడలు వాడుకోండి. పుదీనా మాత్రం వద్దు, చేప రుచిని మింగేస్తుంది. ఉప్పు వేయకండి, సాల్మన్‌లో ఉన్నదే ఎక్కువ. నిమ్మరసమూ వద్దు. పులుపు వాసన తురుము ఇస్తుంది, రసం నీళ్ళు మాత్రమే పెంచుతుంది.

పట్టీ మీద ముప్పాతిక భాగం వరకే చీజ్ పూయండి. చివర రెండు మూడు సెంటీమీటర్లు ఖాళీగా వదిలితే కీరా మీద కీరా అతుక్కుంటుంది, టూత్‌పిక్ అక్కర్లేదు. చేప ముక్క పట్టీ వెడల్పు కంటే అర సెంటీమీటరు సన్నగా ఉండాలి. మొదటి మడత బిగుతుగా, తర్వాత వదులుగా చుట్టి, అతుకు కిందికి వచ్చేలా పళ్ళెంలో నిలబెట్టండి. మొదటి మడతే వదులైతే చుట్ట నడుము జారి పక్కకు ఒరుగుతుంది.

మధ్యాహ్నం చేసిపెట్టాను. అతిథులు వచ్చేసరికి పళ్ళెం నిండా నీళ్ళు, చుట్టలు విడిపోయాయి. ఎక్కడ పొరపాటు? – గుంటూరు

వేళలోనే పొరపాటు. కీరాలో నూటికి 95 పాళ్ళు నీరే. దానికి ఉప్పున్న చేప, ఉప్పున్న చీజ్ అంటించి కూర్చోబెడితే అవి నీటిని లాగుతూనే ఉంటాయి. ముందే ఉప్పు చల్లి అద్దడం వల్ల ఆ నీళ్ళు కొంత తగ్గుతాయి, పూర్తిగా ఆగవు. కూర వండితే నీరు ఇగరబెట్టే పని మంటది. ఇక్కడ ఆ పని గుడ్డ, గడియారం చేయాలి.

లోపలి ముద్దను ముందు రోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. పట్టీలను ఉప్పు లేకుండా, పొడి గుడ్డ పొరల మధ్య పేర్చి డబ్బాలో పెడితే పొద్దున తీసినవి సాయంత్రానికి బాగానే ఉంటాయి. ఉప్పు చల్లడం, అద్దడం, చుట్టడం అన్నీ వడ్డించే ముందు రెండు గంటల లోపలే. చుట్టినవాటిని టిష్యూ పరిచిన డబ్బాలో నిలబెట్టి, మూతపెట్టి చల్లగా ఉంచి, ఆఖరి నిమిషంలో పళ్ళెంలోకి మార్చండి. టొమాటో, ఉల్లిపాయ ముక్కలు లోపల పెట్టారేమో చూసుకోండి. టొమాటో నీళ్ళు వదులుతుంది. పచ్చి ఉల్లి గంటలో ఘాటెక్కి మిగతా రుచులన్నిటినీ కప్పేస్తుంది.

మా ఊళ్ళో సాల్మన్ దొరకదు. డబ్బా ట్యూనాతో కుదురుతుందా? క్రీమ్ చీజ్‌కు బదులు ఏం వాడాలి? – వరంగల్ జిల్లా పాఠకురాలు

బాగా కుదురుతుంది. మొదటిసారి చేసేవాళ్ళు సాల్మన్‌తో కంటే దీనితో మొదలుపెట్టడమే మేలని మా అభిప్రాయం. డబ్బా చేప డబ్బాలోనే ఉడికి వస్తుంది కాబట్టి భయమూ తక్కువ, ఖర్చూ తక్కువ. 185 గ్రాముల డబ్బాలో నీళ్ళు వంచేస్తే చేప సుమారు 130 గ్రాములు మిగులుతుంది. ఊరికే వంపితే చాలదు. జల్లెడలో వేసి గరిటె వెనకతో అదిమి, ఆ తర్వాత పిడికిట్లో పెట్టి పిండండి. చేయి తడవడం ఆగిందంటే సరిపోయినట్టు.

చీజ్ బదులు వడగట్టిన పెరుగు వాడండి. అర లీటరు చిక్కటి పెరుగును పల్చటి గుడ్డలో మూటగట్టి, ఫ్రిజ్‌లోనే గిన్నె మీద ఎనిమిది గంటలు వేలాడదీస్తే దాదాపు 200 గ్రాముల ముద్ద వస్తుంది. బయట వేలాడదీస్తే పులుస్తుంది. డబ్బా ట్యూనాకు ఈ ముద్ద 100 గ్రాములు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి ఒకటి, అర టీస్పూను ఆవపొడి, నిమ్మ తొక్క తురుము కలపండి. మామిడికాయల రోజుల్లో రెండు టీస్పూన్ల పచ్చిమామిడి తురుమును గట్టిగా పిండి వేస్తే సాల్మన్ వాళ్ళు అసూయపడతారు. ఉప్పు చివర రుచి చూసి వేయండి, డబ్బా చేపలో ముందే ఉంటుంది. ముద్దను చెంచా మీద తీసుకుని బోర్లిస్తే జారకూడదు. జారితే ఇంకో చెంచా పెరుగు ముద్ద వేయడం మందు కాదు, చేప మళ్ళీ పిండాల్సిందే.

చేప, పెరుగు కలిపి తింటే బొల్లి వస్తుందని మా అత్తగారు ఈ వంటకాన్ని ఇంట్లో చేయనివ్వడం లేదు. నిజమేనా? – రాజమహేంద్రవరం

బొల్లి ఆహారం కలయిక వల్ల వచ్చేది కాదు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరపు రోగనిరోధక శక్తే దెబ్బతీయడం వల్ల వస్తుంది. బెంగాలీల ఇళ్ళలో చేపను పెరుగులోనే వండే దొయి మాఛ్ మామూలు వంటకం. అయితే అత్తగారి మాట గాలిలోంచి పుట్టిందేమీ కాదు. చేపనూ పాలనూ కలపడాన్ని చరకసంహిత విరుద్ధాహారంగానే చెబుతుంది. ఆ పట్టింపు ఉన్నవాళ్ళు ఇంటికి వచ్చినప్పుడు వాదనకు దిగి విందు పాడుచేసుకోవడం ఎందుకు? పెరుగు, చీజ్ రెండూ వదిలేసి, మగ్గిన అవకాడో ఒకటి మెత్తగా మెదిపి, టీస్పూను నిమ్మరసంతో ట్యూనాలో కలపండి. ఇక్కడ మాత్రం రసం కావాలి, లేకపోతే అవకాడో నల్లబడుతుంది. వేయించని తెల్ల నువ్వులను నూనెతో మెత్తగా రుబ్బిన ముద్ద కూడా బాగుంటుంది, డబ్బాకు మూడు టేబుల్‌స్పూన్లు.

హార్బర్‌లో ఉదయాన్నే పట్టిన ట్యూనా దొరుకుతుంది. దాన్ని పల్చగా కోసి, నిమ్మరసంలో ఊరబెట్టి కీరాలో చుట్టవచ్చా? – విశాఖపట్నం

వద్దండి. నిమ్మరసం పడగానే చేప తెల్లబడి ఉడికినట్టు కనిపిస్తుంది. మారింది మాంసకృత్తుల రూపం మాత్రమే. పురుగులూ, సూక్ష్మజీవులూ అన్నీ దానితో చావవు. పచ్చిగా తినే చేపను అమెరికా ఆహార నియమాల ప్రకారం మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడు రోజులు, లేదా మైనస్ 35 దగ్గర గడ్డకట్టాక 15 గంటలు ఉంచుతారు. ట్యూనాలో కొన్ని రకాలకు ఆ నియమాల్లోనే మినహాయింపు ఉన్నా, అది పురుగుల గురించి చెప్పిందే, సూక్ష్మజీవుల గురించి కాదు. తలుపు మాటిమాటికీ తెరిచే ఇంటి ఫ్రీజర్ ఆ చలిని నిలబెట్టలేదు. పైగా గడ్డకట్టించడం పురుగులను చంపుతుంది గానీ బాక్టీరియాను కాదు.

ట్యూనాకు ఇంకో చిక్కు ఉంది. పట్టిన వెంటనే ఐసులో పడకుండా కాసేపు ఎండలో ఉంటే అందులో హిస్టమిన్ అనే హానికర పదార్థం తయారవుతుంది. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడటం, దద్దుర్లు, తలనొప్పి వస్తాయి. ఒకసారి పుట్టిన హిస్టమిన్ వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. కాబట్టి బుట్టలో ఐసు లేకుండా కనిపించే ట్యూనాను ఏ వంటకీ కొనకండి. ఐసులో ఉన్నది దొరికితే ముందు రోజు ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, ముళ్ళు ఏరి డబ్బా ట్యూనాలా వాడుకోండి. చెరువు చేపలు, ఏటి చేపలు పచ్చివి మాత్రం ఎవరు ఏ పద్ధతి చెప్పినా ముట్టవద్దు.

కీరా బదులు ఇంకేం వాడొచ్చు? – నెల్లూరు

గుమ్మడి జాతికి చెందిన జుకీనీ కీరా లాగే వస్తుంది, గింజల గొడవ తక్కువ, కాస్త పసరు రుచి ఉంటుంది. క్యారెట్ పట్టీ మొదట బిరుసుగా ఉన్నా, ఉప్పు చల్లి ఇరవై నిమిషాలు ఉంచితే వంగుతుంది. నీళ్ళు ఎక్కువ వదలదు కాబట్టి చుట్టాక ఎక్కువసేపు నిలబడేది ఇదే. ముల్లంగి ఘాటు తగ్గాలంటే పట్టీలను పది నిమిషాలు ఐసు నీళ్ళలో వేసి తుడవండి. లేత తమలపాకు ట్యూనాకు బాగుంటుంది, సాల్మన్ మాత్రం దాని కారం ముందు తేలిపోతుంది. క్యాబేజీ ఆకు వేడినీళ్ళలో ముంచనిదే మడత పడదు. మన గుండ్రటి పసుపుపచ్చ దోసకాయ దీనికి పనికిరాదు, పప్పులోకే.

కీరా చేదుగా ఉందని చుట్టాక తెలిసింది. ముందే కనిపెట్టడం ఎలా? – కర్నూలు

తొడిమ వైపు రెండు సెంటీమీటర్లు కోసి కొరికి చూడండి. చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్ ఎక్కువగా అక్కడా, తొక్క కిందా ఉంటుంది. కొన తిప్పి రుద్ది నురుగు తీస్తే చేదు పోతుందని నమ్మి, కాయకాయా కొరికి చూడటం మానకండి. గట్టిగా చేదుంటే కాయ పారేయడమే.

మేం డల్లాస్‌లో ఉంటాం. తెలుగువాళ్ళ పాట్‌లక్‌కు (తలా ఒక వంటకం తెచ్చే విందుకు) స్మోక్డ్ సాల్మన్ చుట్టలు తీసుకెళ్తున్నాను. వచ్చేవాళ్ళలో ఒకరు గర్భిణి, కొందరు శాకాహారులు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

అద్దంలా మెరుస్తూ పల్చటి పొరలుగా అమ్మే స్మోక్డ్ సాల్మన్‌కు చల్లటి పొగే పెడతారు, అది ఉడకదు. ఫ్రిజ్‌లోనూ పెరిగే లిస్టీరియా అనే సూక్ష్మజీవి అందులో ఉండే అవకాశం ఉంది కాబట్టి గర్భిణికి పెట్టకండి. ఆమెకు డబ్బా చేపతో చేసినవి ఇవ్వండి. ట్యూనాలో ఆల్బకోర్ అనే రకం కంటే లైట్ అని రాసి ఉన్న డబ్బాలో పాదరసం తక్కువ.

శాకాహారులవి ముందుగా చుట్టేయండి. చేప ముట్టని బోర్డు, కత్తి, పీలర్‌తో, వేరే డబ్బాలో. లోపల చేప బదులు పనీర్‌ను చేత్తో మెదిపి, అదే సోయికూర చీజ్ కలిపితే చాలు. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి చేప లేనివాటి మీద ఒక్కో కొత్తిమీర ఆకు పెట్టి గుర్తు పెట్టుకోండి, పక్కనే చీటీ కూడా రాసి పెట్టండి.

కార్లో తీసుకెళ్ళేటప్పుడు ఐసు ప్యాక్‌ల మధ్య. బల్ల మీద అన్నీ ఒకేసారి పెట్టకుండా పదిహేను, ఇరవై చొప్పున తెచ్చి, పళ్ళెం కింద ఐసు పోసిన స్టీలు ట్రే ఉంచండి. చలి లేకుండా బయట రెండు గంటలు దాటితే పారేయాలి. పెరట్లో వడ్డిస్తూ ఎండ 32 డిగ్రీలు దాటితే, అంటే అక్కడి లెక్కలో 90 ఫారెన్‌హీట్, ఒక గంటే. మిగిలినవి ఇంటికి తెచ్చుకోకండి.